రాజ్ రెడ్డి గారు అసలు ఏం చేశారు? విస్పర్ రోజుల్లో అందులో ఏం మిగిలింది?

బీటెక్ చివరి ఏడాది విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు తెచ్చుకున్న తెలుగాయన అంటూ అందరూ రాజ్ రెడ్డి గారి ఫొటో పంచుకుంటారు. ఆయన చేసిందేమిటో మాత్రం ఎవరూ చెప్పరు. ఇప్పుడు అంతా న్యూరల్ మోడళ్లే కదా, ఆయన పనిలో ఇంకా పనికొచ్చేది ఏమైనా ఉందా? చదవాలంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆయన పేరు మీద ఫలానా సూత్రం, ఫలానా యంత్రం అంటూ ఒకటి లేదు. మనిషి ఆగకుండా మాట్లాడుతుంటే యంత్రం ఆ మాటల్ని పట్టుకోవాలి. ధ్వని, ఉచ్చారణ, పదాలు, వ్యాకరణం, సందర్భం ఇవన్నీ ఆధారాలే, కానీ వాటిలో ఏ ఒక్కటీ పూర్తిగా నమ్మదగ్గది కాదు. అలాంటప్పుడు వాటన్నిటినీ కలిపి ఒక నిర్ణయానికి రావడం ఎలా? ఆయన పట్టుకున్న సమస్య ఇదే. దానికి వేర్వేరు పరిష్కారాలను ఒకే ల్యాబులో పక్కపక్కనే కట్టించి, ఒకే పరీక్ష పెట్టి, అంకెలు బయటపెట్టించారు. వాటిలో బ్లాక్‌బోర్డు పద్ధతి (వేర్వేరు ప్రోగ్రాములు ఒకే బోర్డు మీద రాసుకుంటూ పనిచేయడం) స్పీచ్ రంగంలోంచి, అంటే మాటను గుర్తించే రంగంలోంచి వెళ్లిపోయింది. బీమ్ సెర్చ్ (మంచి దారులు కొన్నిటినే ఉంచుకుంటూ వెతకడం) మాత్రం ఇవాళ మీరు వాడే విస్పర్ లోపల, అంటే మాటను రాతగా మార్చే ఓపెన్‌ఏఐ మోడల్ లోపల కూడా ఉంది. చదవడం ఎలా మొదలుపెట్టాలో చివర్లో చెబుతాను.

జీవిత విశేషాలు క్లుప్తంగా. పుట్టింది 1937 జూన్ 13న, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో, రైతు కుటుంబంలో. పూర్తి పేరు దబ్బాల రాజగోపాల్ రెడ్డి. 1958లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి డిగ్రీ, అదీ సివిల్ ఇంజినీరింగ్‌లో. 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో ఎంటెక్, ఆ తర్వాత అక్కడే ఐబీఎంలో ఉద్యోగం. అక్కణ్నుంచి స్టాన్‌ఫర్డ్ వెళ్లి జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ చేశారు. మూడేళ్లు అక్కడే పాఠాలు చెప్పి 1969లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి మారారు. 1979లో అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టర్ అయ్యి 1991 దాకా ఉన్నారు, తర్వాత 1999 వరకు కంప్యూటర్ సైన్స్ స్కూల్ డీన్. 1994 ట్యూరింగ్ అవార్డును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. 2001లో పద్మభూషణ్ వచ్చింది.

అవార్డు ఎందుకిచ్చారన్నది కూడా సరిగ్గా తెలుసుకోవాలి. పెద్ద స్థాయి కృత్రిమ మేధ వ్యవస్థల రూపకల్పనకూ నిర్మాణానికీ దారి వేసినందుకు, ఆ సాంకేతికతకు ఆచరణలో విలువ ఉందనీ వ్యాపారానికి పనికొస్తుందనీ చూపించినందుకు. అందులో "నిర్మాణం" అన్న మాటే నా దృష్టిలో అసలైనది. 1960ల్లో కృత్రిమ మేధ అంటే ఎక్కువగా చిన్న చిన్న బొమ్మ సమస్యల మీద జరిగే పని. నిజమైన ధ్వని, నిజమైన మైక్రోఫోను, వేయి పదాలు, లెక్కకట్టిన తప్పుల శాతం అనే స్థాయికి దాన్ని లాక్కొచ్చిన కొద్దిమందిలో ఆయనొకరు.

సమస్య ఎందుకంత కష్టం?

మనం రాసేటప్పుడు పదాల మధ్య ఖాళీ వదులుతాం కాబట్టి మాటలోనూ ఖాళీ ఉంటుందనుకుంటాం. ఏదైనా ఆడియో ఎడిటర్ తెరిచి "రామయ్య అప్పుడు వచ్చాడు" అని రికార్డు చేసి తరంగాన్ని చూడండి. నిశ్శబ్దం కనిపించేది "రామయ్య"కీ "అప్పుడు"కీ మధ్య కాదు. "అప్పుడు"లోని "ప్ప" దగ్గర పెదాలు మూసుకున్న క్షణంలోనూ, "వచ్చాడు"లోని "చ్చ" దగ్గరా ఉంటుంది. అంటే నిశ్శబ్దం చూసి పదాన్ని కోయాలనుకుంటే పదం నడుమే కోసేస్తాం. దీనికి తోడు పక్క శబ్దాన్ని బట్టి శబ్దం మారుతుంది, మనిషిని బట్టి మారుతుంది, వేగాన్ని బట్టి మారుతుంది. "ఎవరు అన్నారు" అని రాసేది "ఎవరన్నారు" అని వినిపిస్తుంది. అందుకే 1960ల్లో ఈ పనిచేసిన చాలామంది విడివిడి పదాలతో సరిపెట్టుకున్నారు, ఒక్కో పదం తర్వాత ఆగమనేవారు.

రెడ్డి గారు పీహెచ్‌డీ నుంచే ఆగకుండా మాట్లాడే మాటను పట్టుకున్నారు. స్టాన్‌ఫర్డ్‌లో ఆయన శిష్యుడు పియర్ విసెన్స్ 1969 నాటికి మాటతో ఇచ్చిన ఆదేశాలకు రోబో చేయి కదిలేలా చేశారు. కార్నెగీ మెలన్‌కి వచ్చాక కట్టిన హియర్సే-1 మాటతో చదరంగం ఆడింది. చదరంగం ఎందుకంటే, ఆ క్షణంలో బల్ల మీద చెల్లే ఎత్తులు కొన్నే ఉంటాయి. ధ్వని అస్పష్టంగా ఉన్నా, చెల్లని ఎత్తుల్ని కొట్టేస్తే మిగిలిన వాటిలోంచి ఎంచుకోవచ్చు. శబ్దం చెప్పలేనిదాన్ని సందర్భం చెబుతుందన్న ఈ ఒక్క ఆలోచనే ఆయన తర్వాతి పని అంతటా నడుస్తుంది.

1971–76 పోటీ

అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఆర్పా 1971లో ఐదేళ్ల స్పీచ్ అండర్‌స్టాండింగ్ కార్యక్రమం మొదలుపెట్టింది. లక్ష్యం ముందే రాసిపెట్టారు: వేయి పదాలు, ఆగకుండా మాట్లాడాలి, ఒక్కరు కాదు కొందరు మాట్లాడాలి, నిశ్శబ్దమైన గది, మంచి మైకు, పరిమితమైన వ్యాకరణం, అర్థం తప్పిపోయే వాక్యాలు 10 శాతం లోపు. అంకెలతో, గడువుతో లక్ష్యం కట్టడం ఆ రోజుల్లో ఈ రంగానికి కొత్త. కార్నెగీ మెలన్ నుంచి రెండు వ్యవస్థలు బరిలోకి దిగాయి: హియర్సే-2, హార్పీ.

హియర్సే-2 గురించి ముందు చెబుతాను, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఎక్కువగా దీని పక్కనే కనిపిస్తుంది. నడుమ అందరూ చూడగలిగే ఒక డేటా నిర్మాణం ఉంటుంది, అదే బ్లాక్‌బోర్డు. దానికి అంతస్తులున్నాయి: ధ్వని ముక్కలు, అక్షరాలు, పదాలు, పదాల వరసలు, పదబంధాలు. ప్రతి అంతస్తులో ఊహలు రాసిపెడతారు. ఒక్కో ఊహకు మొదలయ్యే సమయం, ముగిసే సమయం, నమ్మకం ఎంతో చెప్పే అంకె ఉంటాయి. చుట్టూ "జ్ఞాన మూలాలు" అనే విడివిడి ప్రోగ్రాములు. ఒకటి ధ్వని ముక్కలు చూసి అక్షరాల ఊహలు రాస్తుంది, ఒకటి అక్షరాలు చూసి పదాలు ప్రతిపాదిస్తుంది, ఒకటి ఈ పదం పక్కన ఏ పదం రావచ్చో ముందుగా చెబుతుంది, మరొకటి అలా చెప్పిన పదం నిజంగా ధ్వనిలో ఉందా అని సరిచూస్తుంది. ఇవి ఒకదాన్నొకటి పిలుచుకోవు, బోర్డు మీద రాతలు చూసి స్పందిస్తాయి. ఎప్పుడు ఎవరికి వంతు ఇవ్వాలో షెడ్యూలర్ తేలుస్తుంది.

దీనివల్ల వచ్చే లాభం వాక్యాన్ని ఎడమ నుంచి కుడికే చదవక్కర్లేకపోవడం. నడుమ ఎక్కడో రెండు మూడు పదాలు స్పష్టంగా వినపడితే వాటిని ద్వీపంలా పట్టుకుని అటూ ఇటూ పెంచుకుంటూ పోవచ్చు.

ఎక్కడ దెబ్బతిందో కూడా తెలుసుకోండి, ఇంటర్వ్యూలో బ్లాక్‌బోర్డు గురించి అడిగితే ఈ సంగతే అక్కరకొస్తుంది. కింది అంతస్తుల్లో కూడా "ఎవరికి వీలైతే వారు రాయండి" అని వదిలేస్తే ఊహలు విపరీతంగా పుట్టుకొస్తాయి. వాటిలో దేన్ని ముందు చూడాలో తేల్చడానికే సమయం పోతుంది. 1976 మొదట్లో ఉన్న రూపు అందుకే సరిగా నడవలేదు. సెప్టెంబర్ నాటి తుది రూపులో పదాల దాకా పనిని వరస క్రమంలో కింది నుంచి పైకి నడిపి, స్వేచ్ఛను పై అంతస్తులకే పరిమితం చేశారు. రెండో ఇబ్బంది, వేర్వేరు మూలాలు ఇచ్చే నమ్మకపు అంకెలు ఒకే కొలమానంలో ఉండవు. వ్యాకరణం ఇచ్చిన 70నీ ధ్వని ఇచ్చిన 70నీ ఎలా పోల్చాలి? దీనికి చేత్తో సర్దుబాట్లే తప్ప సిద్ధాంతం లేదు. గణాంక నమూనాలు చివరికి గెలిచింది ఇక్కడే. అక్కడ అన్నీ సంభావ్యతలే కాబట్టి గుణిస్తే సరిపోతుంది.

హార్పీ ఆయన విద్యార్థి బ్రూస్ లోవెర్ కట్టినది. దీని వంశక్రమం చూడండి, రెడ్డి గారి పద్ధతి అర్థమవుతుంది. హియర్సే-1 నుంచి జ్ఞానాన్ని వాడుకోవడం వచ్చింది. అదే ల్యాబులో జేమ్స్ బేకర్ 1975 నాటికి కట్టిన డ్రాగన్ నుంచి, భాష మొత్తాన్ని ఒకే నెట్‌వర్కుగా, మార్కోవ్ నమూనాగా (తర్వాతి స్థితి ఇప్పటి స్థితిని బట్టే ఎంత సంభావ్యతతో వస్తుందో చెప్పే నమూనాగా) చూడడం వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచి, ఏది ఎందుకు పనిచేస్తోందో చూసి మూడోదాన్ని కట్టారు. హార్పీలో వ్యాకరణం, 1,011 పదాలు, వాటి ఉచ్చారణ భేదాలు, పదాల సరిహద్దుల్లో వచ్చే మార్పులు అన్నీ ముందే కూర్చి సుమారు 15,000 స్థితుల ఒకే నెట్‌వర్కుగా మార్చేశారు. ధ్వని వైపు 98 శబ్ద నమూనాలు. గుర్తించడమంటే ఆ నెట్‌వర్కులో ధ్వనికి బాగా సరిపోయే దారిని వెతకడమే.

1976 పరీక్షలో హార్పీ ఐదుగురు మాట్లాడిన 184 వాక్యాల మీద దాదాపు 95 శాతం అర్థం సరిగా పట్టుకుంది. పెట్టిన లక్ష్యాన్ని పూర్తిగా అందుకున్నది అదొక్కటే. వేగం విషయానికొస్తే, సెకనుకు 3.5 లక్షల ఆదేశాలు నడిపే అప్పటి పీడీపీ-10 కంప్యూటర్ మీద ఒక్క సెకను మాటకు 80 సెకన్లు పట్టేది. ఎక్కువ స్వేచ్ఛ ఉన్న హియర్సే-2 కన్నా, అంతా ముందే కూర్చిపెట్టుకున్న హార్పీ తక్కువ లెక్కతో ఎక్కువ సాధించింది. ఒకే గూటి రెండు వ్యవస్థల్లో ఏది ఓడిందో దాచకుండా ప్రకటించడం నాకు ఆయన మీద ఉన్న గౌరవంలో పెద్ద భాగం.

బీమ్ సెర్చ్: మీరు నేర్చుకోవాల్సింది ఇదే

డ్రాగన్ అన్ని దారులనూ లెక్కగట్టేది, అందుకే నెమ్మది. ప్రతి అడుగులో ఉత్తమమైన ఒక్క దారినే పట్టుకుపోతే వేగం వస్తుంది కానీ మొదట్లో పొరబడితే వెనక్కి రాలేం. హార్పీ ఈ రెంటికీ నడుమ దారి పట్టింది: ప్రతి అడుగులో ఉత్తమ దారికి దగ్గరగా ఉన్న వాటినన్నిటినీ ఉంచుకో, మిగతావి వదిలెయ్, వెనక్కి తిరగకు.

చిన్న ఉదాహరణ లెక్క వేద్దాం. ఎవరో "పాలు తాగాడు" అన్నారు, మొదటి మాట సరిగా వినపడలేదు. మొదటి అడుగులో స్కోర్లు: పాట 0.5, పాలు 0.4, పాపం 0.1. ఒక్కదాన్నే ఉంచుకుంటే "పాట" మిగులుతుంది. దాని తర్వాత వినపడ్డ ధ్వనికి అంతో ఇంతో సరిపోయేది "పాడాడు", దాని స్కోరు 0.3 అనుకోండి. మొత్తం 0.15. ఇప్పుడు రెండు దారులు ఉంచుకుందాం. "పాలు" తర్వాత "తాగాడు" 0.8, మొత్తం 0.32. సరైనది గెలిచింది. మొదటి అడుగులో రెండో స్థానంలో ఉన్న మాటను రెండో అడుగు దాకా బతకనివ్వడమే ఇక్కడి కిటుకంతా.

కోడ్ రాసేటప్పుడు జాగ్రత్తపడాల్సినవి ఉన్నాయి.

సంభావ్యతలను గుణించకండి, లాగరిథమ్‌లు తీసుకుని కూడండి. కొన్ని వందల అడుగులు గుణిస్తే విలువ సున్నాకి పడిపోతుంది. ఇక, ఉంచుకోవడం రెండు రకాలు. "పై ఐదు దారులు" అని సంఖ్య పెట్టొచ్చు, లేదా "ఉత్తమ స్కోరుకు ఇంత దూరంలోపు ఉన్నవన్నీ" అని హద్దు పెట్టొచ్చు. హార్పీది రెండో రకం. ధ్వని స్పష్టంగా ఉన్నచోట రెండు మూడు దారులే మిగులుతాయి, మసకగా ఉన్నచోట వందలు మిగులుతాయి, లెక్క అవసరమైన చోటే ఖర్చవుతుంది. పెద్ద వ్యవస్థల్లో రెండూ కలిపి పెట్టడం మంచిది. హద్దు ఒక్కటే ఉంటే గోల ఎక్కువున్న ఆడియోలో మెమరీ పేలిపోతుంది.

ఫలితం తప్పొస్తే ముందు అది వెతుకులాట తప్పా, మోడల్ తప్పా తేల్చండి. సరైన వాక్యాన్ని బలవంతంగా అదే మోడల్‌కి ఇచ్చి స్కోరు తీయండి. ఆ స్కోరు మీకొచ్చిన తప్పు వాక్యం స్కోరు కన్నా ఎక్కువుంటే, సరైన దారి నడుమ ఎక్కడో కోతకు గురైంది, బీమ్ పెంచండి. తక్కువుంటే బీమ్ ఎంత పెంచినా ప్రయోజనం లేదు, మోడలే తప్పుదాన్ని ఇష్టపడుతోంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా బీమ్ విలువతో రోజుల తరబడి కుస్తీపట్టే వాళ్లు చాలామంది.

బీమ్ పెంచేకొద్దీ మంచిదన్న నమ్మకం కూడా సరికాదు. ఇప్పటి ఎన్‌కోడర్-డీకోడర్ మోడళ్లలో (ధ్వనిని మొత్తం చదివి, పాఠాన్ని ముక్క తర్వాత ముక్కగా రాసే విస్పర్ లాంటి వాటిలో) దారి పొడుగయ్యేకొద్దీ స్కోరు పడిపోతూ ఉంటుంది కాబట్టి, బీమ్ మరీ పెద్దదైతే పొట్టి వాక్యాలు గెలిచి చివర మాటలు ఎగిరిపోతాయి. స్కోరును పొడవుతో భాగించాలి. విస్పర్ కమాండ్ లైన్‌లో బీమ్ 5 అని ముందే పెట్టి ఉంటుంది, దాన్నే వాడి చూసి ఆ తర్వాత కదపండి.

విస్పర్‌తో తెలుగు చేసేవాళ్లకు ఇంకొకటి. వచ్చిన పాఠం మాటిమాటికీ అదే పదం చెబుతోందా అని కనిపెట్టడానికి అది పాఠాన్ని జిప్ ఫైల్లా కుదించి చూస్తుంది, కుదింపు నిష్పత్తి 2.4 దాటితే ఆ ఫలితాన్ని పారేసి మళ్లీ ప్రయత్నిస్తుంది. కంప్యూటర్లో అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింటుకు (అక్షరం, గుణింతపు గుర్తు లాంటి ఒక్కో చిహ్నానికి) మూడు బైట్లు, వాటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండు విలువల్లో ఏదో ఒకటి. కాబట్టి మామూలు తెలుగు వాక్యం కూడా ఇంగ్లీషు కన్నా ఎక్కువ కుదించుకుపోతుంది, ఆ హద్దు మనకు బిగుతుగా పడుతుంది. మంచి వాక్యాలే పదేపదే తిరస్కారానికి గురవుతుంటే ఈ హద్దును కాస్త సడలించి చూడండి.

స్ఫింక్స్: జ్ఞానం అంకెల్లోకి మారిన చోటు

రెడ్డి గారి దగ్గర కై-ఫు లీ చేసిన పీహెచ్‌డీ పని ఇది, 1988లో వచ్చింది. అప్పటిదాకా ఒక్కో మనిషి గొంతుకు యంత్రాన్ని విడిగా తయారుచేసుకోవాల్సి వచ్చేది. స్ఫింక్స్ ఎవరు మాట్లాడినా, ఆగకుండా మాట్లాడినా, 997 పదాల పనిలో పట్టుకుంది. శిక్షణకు 105 మంది, 4,200 వాక్యాలు. ధ్వనిని మూడు కోడ్‌బుక్కులుగా (నమూనాల జాబితాలుగా), ఒక్కోదానిలో 256 నమూనాలతో చెప్పారు. పక్క శబ్దాన్ని బట్టి శబ్దం మారుతుందన్న పాత చిక్కుకు ట్రైఫోన్లు వాడారు, అంటే ఎడమన ఏముంది, కుడిన ఏముంది అన్నదాన్ని బట్టి ఒకే శబ్దానికి వేర్వేరు నమూనాలు. అన్ని కలయికలకూ డేటా చాలదు కాబట్టి పోలికలున్నవాటిని కలిపి వేయి చిల్లరకు కుదించారు.

1990 వ్యాసంలో ఇచ్చిన మూడు అంకెలు కంఠతా ఉంచుకోదగ్గవి. తర్వాత ఏ పదమైనా రావచ్చు అంటే 71 శాతం పదాలు సరి. తర్వాతి పదం సగటున 60లో ఒకటై ఉంటుందని చెప్పే వ్యాకరణం ఇస్తే 94 శాతం. 20కి తగ్గిస్తే 96. చెవి మారలేదు, ధ్వని మోడల్ అదే. ఏ పదం తర్వాత ఏది వస్తుందో చెప్పినంత మాత్రాన తప్పులు 29 నుంచి 6కి దిగాయి. చదరంగం రోజుల్లో ఆయన చెప్పింది ఇదే కదా, ఇరవై ఏళ్లలోపే అది పట్టికలోకి ఎక్కింది.

మీ ప్రాజెక్టులో కూడా ఇది రేపే ఉపయోగపడుతుంది. మండలాల పేర్లు, పంటల పేర్లు, మందుల పేర్లు పట్టుకోవాల్సిన తెలుగు వ్యవస్థ కడుతున్నారనుకోండి. ఆడియో మోడల్‌ని మళ్లీ శిక్షణ ఇచ్చే ముందు, ఆ రంగపు పాఠంతో చిన్న భాషా నమూనా (ఏ పదం తర్వాత ఏది రావచ్చో చెప్పేది) తయారుచేసి బీమ్ సెర్చ్‌లో స్కోరుకు కలపండి. కలిపే బరువు 0.1 నుంచి 0.5 మధ్య వేసి చూడండి. బరువు ఎక్కువైతే మనిషి అనని మండలం పేరు కూడా వినపడినట్టు రాసేస్తుంది, కాబట్టి ఆ పేర్లు లేని ఆడియో కొంత పరీక్షలో తప్పకుండా ఉంచండి.

అంకెలు కొలిచేటప్పుడు తెలుగుకు ఒక హెచ్చరిక. "వచ్చేశాడు అనుకున్నాను" అని ఉన్నచోట "వచ్చేశాడనుకున్నాను" అని వస్తే వినేవాడికి తేడా లేదు, కానీ పదాల తప్పుల లెక్కలో అవి రెండు తప్పులు. పదాల తప్పుతో పాటు అక్షరాల తప్పును కూడా ఇవ్వండి. వేయి పదాల జాబితా అనే ఆలోచనే మన భాషకు సరిపడదు, ఒక్క క్రియకే ప్రత్యయాలు కలిసి వందల రూపాలు వస్తాయి.

ఆయన చేయనివి

వాట్సాప్ పోస్టుల్లో తిరిగే రెండు మాటలు వదిలేయండి. కృత్రిమ మేధకు పితామహుడు ఆయన కాదు, ఆ రంగానికి పేరు పెట్టిన మెకార్తీ ఆయన గురువు. యాపిల్ ఫోన్లలోని సిరిని ఆయన కనిపెట్టలేదు, అది ఎస్‌ఆర్ఐ అనే అమెరికా పరిశోధన సంస్థలో పుట్టింది. స్పీచ్ రంగాన్ని ఏలిన గణాంక నమూనాలైన హిడెన్ మార్కోవ్ నమూనాల ఘనతలో ఐబీఎంలోని ఫ్రెడరిక్ యెలినెక్ బృందానికి పెద్ద వాటా ఉంది. అలాగని ఆయన వాటా తగ్గదు. జేమ్స్, జానెట్ బేకర్ దంపతులు 1982లో డ్రాగన్ సిస్టమ్స్ పెట్టారు, డిక్టేషన్ సాఫ్ట్‌వేర్‌గా ఇళ్లలోకి వచ్చింది వాళ్లదే. కై-ఫు లీ యాపిల్‌కీ, తర్వాత మైక్రోసాఫ్ట్, గూగుల్ చైనా కేంద్రాలకీ వెళ్లారు. స్ఫింక్స్-2 మీద పనిచేసిన షుయెడాంగ్ హువాంగ్ 1993లో మైక్రోసాఫ్ట్‌లో స్పీచ్ విభాగం మొదలుపెట్టారు. బ్లాక్‌బోర్డు కూడా చచ్చిపోలేదు, సోనార్ సంకేతాల విశ్లేషణ లాంటి వేరే పనుల్లోకి వెళ్లింది.

తెలుగు నేల మీద ఆయన పని

ఇక్కడ ఆయన ఎక్కువమందికి తెలిసింది ఐఐఐటీ హైదరాబాద్ పాలకమండలికి అధ్యక్షుడిగా, 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ (రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం)కి తొలి ఛాన్సలర్‌గా. పదో తరగతి కాగానే గ్రామీణ విద్యార్థుల్ని తీసుకుని ఆరేళ్లు చదివించే ఆ విధానం బాసర, నూజివీడు, ఆర్‌కే వ్యాలీ ప్రాంగణాలతో మొదలైంది. స్పీచ్ వైపు చూస్తే, 1970ల చివర్లో కార్నెగీ మెలన్‌లో పనిచేసి వచ్చిన ఆచార్య యజ్ఞనారాయణ గారు ఐఐటీ మద్రాసులోనూ, తర్వాత ఐఐఐటీ హైదరాబాద్‌లోనూ ఎందరో స్పీచ్ పరిశోధకుల్ని తయారుచేశారు.

కానీ మామూలు తెలుగు పాఠకుడికి ఆయన నుంచి నేరుగా అందింది పుస్తకాలు. మిలియన్ బుక్ ప్రాజెక్టు పేరుతో అమెరికా, భారత్, చైనా, ఈజిప్టు సంస్థలను కలిపి పుస్తకాలు స్కాన్ చేయించారు. 2007 నవంబర్‌లో 15 లక్షలు దాటాయని ప్రకటించినప్పుడు చైనీస్‌వి 9.7 లక్షలు, ఇంగ్లీషువి 3.6 లక్షలు, ఆ తర్వాతి స్థానం తెలుగుది, 50,000. అరబిక్‌కు 40,000. ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) సైట్‌లో ఇవాళ మీరు దింపుకునే పాత తెలుగు పుస్తకాల్లో చాలావరకు ఈ ప్రయత్నంలో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లే. గుర్తింపు సంఖ్యలో "డీఎల్ఐ.2015" అని ఉంటుంది చూడండి.

వాటిలో వెతకడం కష్టం, కారణం పేర్లను ఇంగ్లీషు లిపిలో ఒక్కొక్కరు ఒక్కోలా టైపు చేయడం. దీర్ఘం ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు, "శ" కు రెండు మూడు స్పెల్లింగులు, రచయిత పేరు స్థానంలో పుస్తకం పేరు. కాబట్టి పూర్తి పేరుతో వెతక్కండి. పేరులో దీర్ఘాలూ ఒత్తులూ లేని ఒక ముక్క తీసుకుని, భాష దగ్గర తెలుగు ఎంచుకుని, సంవత్సరంతో వడపోయండి. పేజీలు తారుమారైనవి, నడుమ పోయినవి కూడా ఉంటాయి కాబట్టి ఒకే పుస్తకానికి రెండు స్కాన్లుంటే రెండూ దింపుకుని సరిచూడండి.

ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి

మూడు వ్యాసాలు ఈ వరసలో చదవండి. 1976 ఏప్రిల్‌లో ఐఈఈఈ ప్రొసీడింగ్స్‌లో ఆయన ఒక్కరే రాసిన స్పీచ్ రికగ్నిషన్ సమీక్ష, సమస్య ఏమిటో దీనంత తేటగా చెప్పింది తక్కువ. తర్వాత 1980లో కంప్యూటింగ్ సర్వేస్‌లో వచ్చిన హియర్సే-2 వ్యాసం. అందులో ఒక్క వాక్యం గుర్తింపును అడుగడుగునా చూపించిన భాగాన్ని పెన్సిల్ పట్టుకుని చదవండి, మిగతాది వేగంగా తిప్పేయొచ్చు. చివరగా 1990 స్ఫింక్స్ వ్యాసం.

చదువుతూనే చేతికి పని పెట్టండి. మాటల రికార్డింగులు ఉచితంగా దొరికే ఓపెన్ ఎస్‌ఎల్ఆర్ సైట్‌లో 66వ సంఖ్య తెలుగు డేటా. 48 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, 16కి దించుకోండి, లేదంటే మోడల్‌కి ఇచ్చిన ధ్వని వేగం తప్పి అర్థంలేని అక్షరాలు వస్తాయి. అందులో 100 వాక్యాలు తీసి, సీటీసీ రకం (ధ్వనిలోని ప్రతి చిన్న ముక్కకూ అక్షరాల స్కోర్లు ఇచ్చే) తెలుగు మోడల్ ఏదైనా తీసుకుని, అది ప్రతి ఫ్రేముకీ, అంటే ఆ ముక్కకీ ఇచ్చే అక్షరాల స్కోర్లను ఫైల్లో దాచుకోండి. వాటి మీద బీమ్ సెర్చ్ మీరే రాయండి, లైబ్రరీది వాడకండి, యాభై అరవై లైన్లకు మించదు. ఒకే పాఠానికి దారితీసే వేర్వేరు దారుల సంభావ్యతలను కూడాలి, ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. బీమ్ 1, 2, 5, 20, 100 పెట్టి పదాల తప్పు, అక్షరాల తప్పు, పట్టిన సమయం మూడు వరసలుగా రాసుకోండి. తర్వాత చిన్న భాషా నమూనా కలిపి అదే పట్టిక మళ్లీ నింపండి. ఆ డేటా చదివించి రికార్డు చేసిన శుభ్రమైన గొంతులది కాబట్టి అంకెలు మరీ బాగుంటాయి. అందుకని ఫోన్లో రికార్డు చేసిన బజారు మాటలు ఇరవై వాక్యాలైనా పక్కన విడిగా పెట్టి, వాటి పట్టిక వేరే వేయండి.